అనంతగిరి ఘాట్, మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి: మోడల్ రైలు క్యాబ్ వ్యూ తీసిన తీరు

మోడల్ రైలు ముందు కెమెరా కట్టి వదిలితే వచ్చే వీడియో చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది. లేఅవుట్, అంటే పట్టాలు, కొండలు, ఊళ్లతో కట్టిన ఆ చిన్న లోకం, ఎంత ఖరీదైనదైనా, చెట్లు ఎంత శ్రద్ధగా నాటినా అంతే. దీనికి కారణం సీనరీలో ఉందని చాలామంది ఇంకా చెట్లు, ఇంకా ఇళ్లు, ఇంకా మనుషుల బొమ్మలు కొంటూ పోతారు. నా లెక్కలో అసలు లోపం కెమెరాది. దాని కన్ను ఆ చిన్న లోకానికి మరీ పెద్దది. ఉండాల్సిన ఎత్తులో ఉండదు. కదలికలో బరువు ఉండదు. ఇవి సరిచేస్తే మామూలు లేఅవుట్ కూడా నమ్మిస్తుంది. ఈ పనిలో అది ఎలా చేశామో రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు మేడ మీద గదిలో హెచ్‌ఓ స్కేలు లేఅవుట్ కట్టుకున్నారు. కొత్తవలస–కిరండూల్ లైను, అంటే మనందరం కేకే లైను అనేది, అనంతగిరి కొండలెక్కే భాగం దానికి ఆధారం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. 58 సొరంగాలు. 2017లో అరకు వెళ్లే రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక మామూలు జనానికి కూడా ఆ సొరంగాల మీద మోజు పెరిగింది. డాక్టరు గారి గదిలో 58 పట్టవు కాబట్టి మూడున్నాయి. మెయిన్ లైను మొత్తం 11 మీటర్ల చుట్టు, ఒక చిన్న స్టేషను, ఒక వంతెన. ఆయన అడిగింది ఒక్కటే: ఇంజను క్యాబ్‌లో కూర్చుని ఘాట్ ఎక్కుతున్నట్టు ఒక వీడియో.

నా రోజువారీ పని పెళ్లిళ్లు, ఫంక్షన్లు. కెమెరా సంగతి నాది, పట్టాల సంగతి ఆయనది అనుకున్నాం. మా వీధిలోనే కేకే లైనులో గూడ్సు నడిపి రిటైరైన లోకో పైలట్ ఉన్నారు, నాకు వరసకు బాబాయ్. ఆయన్ని కూడా పిలిచాం. ఆయన రాకపోయుంటే ఈ వీడియో సగం దగ్గరే ఆగేది.

కన్ను ఎంత ఎత్తున ఉండాలి

హెచ్‌ఓ అంటే 1:87, అసలు దానిలో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మి.మీ. ఇది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంటే హెచ్‌ఓ పట్టాల మీద మన ఇంజన్లు నడిపే ప్రతివాళ్లూ దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకైన ట్రాక్‌తో సర్దుకుపోతున్నట్టే. పక్కనుంచి చూస్తే ఇది ఎవరికీ పట్టదు. క్యాబ్‌లోంచి చూస్తే ఫ్రేములో మొదట కనపడేదే ట్రాక్. పైగా మనవాళ్ల కంటికి బ్రాడ్ గేజ్ అలవాటు. ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా, "ఇదేదో సన్నగా ఉందే" అని మాత్రం అనిపిస్తుంది.

దీనికి పట్టాలు మార్చనక్కర్లేని ఉపాయం ఒకటుంది. ఎదురుగా చూసేటప్పుడు పట్టాలు ఎంత వెడల్పుగా విచ్చుకుని కనిపిస్తాయన్నది గేజ్‌కూ కంటి ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. క్యాబ్‌లో లోకో పైలట్ కన్ను పట్టాల పైన సుమారు 2.8 మీటర్లు అనుకుంటే, స్కేలు ప్రకారం లెన్స్ మధ్య 32 మి.మీ. ఎత్తున ఉండాలి. కానీ గేజ్ ఎంత తగ్గిందో అదే పాళ్లలో ఎత్తు కూడా తగ్గిస్తే, అంటే 27.5 మి.మీ. దగ్గర పెడితే, తెర మీద ఆ ట్రాక్ బ్రాడ్ గేజ్ లాగే విచ్చుకుంటుంది. మేం 28 దగ్గర ఆపాం. దీనివల్ల ప్లాట్‌ఫాం, పొదలు కాస్త పొడుగ్గా అనిపిస్తాయి. అది ఎవరూ పట్టించుకోరు. ట్రాక్‌ను మాత్రం అందరూ పట్టించుకుంటారు.

స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) విషయంలో కూడా ఇలాంటి బాధే. మన మెయిన్ లైన్లలో కిలోమీటరుకు 1660 స్లీపర్లు, అంటే సుమారు 60 సెం.మీ.కు ఒకటి. హెచ్‌ఓలో అది 7 మి.మీ.కు కాస్త తక్కువ. షాపులో దొరికే ట్రాక్ వేరే దేశాల కొలతలకు చేసినది. డాక్టరు గారు ముందు భాగంలో, వంతెన దగ్గర మాత్రం స్లీపర్లు కోసి సర్దారు. మిగతా చోట కంకరతో కప్పేశాం. ఆ కంకర సంగతి కూడా చెప్పాలి. అసలు కంకర రాయి 65 మి.మీ. వరకు ఉంటుంది, స్కేలుకు ముప్పావు మిల్లీమీటరు. ప్యాకెట్లలో అమ్మే "బ్యాలస్ట్" చాలావరకు దానికి రెట్టింపు లావు. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది గానీ 28 మి.మీ. ఎత్తు నుంచి చూస్తే పట్టాల మధ్య బండరాళ్లు పోసినట్టుంటుంది. ఏటి ఇసుకను టీ వడపోతలో రెండుసార్లు జల్లించి, ఆ మెత్తటిది చల్లితే సమస్య తీరింది.

పట్టాల ఎత్తు అంత తేలిగ్గా తీరలేదు. లేఅవుట్‌లో ఉన్నది కోడ్ 100 పట్టా, అంటే 2.54 మి.మీ. ఎత్తు. 87తో గుణిస్తే 221 మి.మీ. మన 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ. మొత్తం పీకి వేయడం అయ్యే పని కాదు. పట్టా పక్కలకు తుప్పు రంగు, దానిపైన కంకర రంగు దుమ్ము పూస్తే కింది సగం కంకరలో కలిసిపోయి, పైన మెరిసే గీత మాత్రం మిగిలింది. అదే కావాల్సింది.

చిన్న లోకానికి పెద్ద కన్ను

ఇక అసలు విషయం. మోడల్ ఫొటో చూడగానే బొమ్మ అనిపించేది మసక వల్ల. దగ్గరిది షార్ప్‌గా ఉండి దూరంది కరిగిపోవడం, లేదా దూరంది షార్ప్‌గా ఉండి దగ్గరిది కరిగిపోవడం. అసలు రైలు క్యాబ్‌లో తీసిన వీడియోలో పది మీటర్ల దూరంలో స్లీపరూ, కిలోమీటరు దూరంలో కొండా రెండూ షార్ప్‌గానే ఉంటాయి.

ఎందుకో లెక్క వేసి చూడండి. మేం వాడింది డ్రోన్ల వాళ్లు వాడే బోర్డు కెమెరా. కెమెరా తల వేరు, రికార్డు చేసే బోర్డు వేరు, మధ్యలో పల్చటి రిబ్బన్ కేబుల్. తలకు ఎం12 మరల లెన్స్, కాబట్టి మనకు కావాల్సిన లెన్స్ బిగించుకోవచ్చు. దాంతో వచ్చిన వెడల్పాటి లెన్స్ పట్టాలను విల్లులా వంచేస్తుంది. అది తీసి 3.6 మి.మీ. లెన్స్ పెట్టాను. అడ్డంగా 68 డిగ్రీలు చూస్తుంది, గీతలు వంగవు. దాని ఎపర్చర్ ఎఫ్/2. అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం 1.8 మి.మీ. మనకు ఇది సూది బెజ్జం. 87తో గుణిస్తే 157 మి.మీ. అసలు రైలులో జానెడు వెడల్పు రంధ్రమున్న లెన్స్‌తో తీసినట్టు లెక్క. అంత లెన్స్‌తో తీస్తే అసలు రైలు కూడా బొమ్మలాగే కనిపిస్తుంది.

మరి రంధ్రం తగ్గిస్తే? అసలు ప్రపంచంలో 24 మి.మీ. లెన్స్ ఎఫ్/2.8 దగ్గర రంధ్రం 8.6 మి.మీ. దగ్గరా దూరం అలాగే షార్ప్‌గా ఇక్కడ రావాలంటే 0.1 మి.మీ. రంధ్రం కావాలి. అంత చిన్నదైతే డిఫ్రాక్షన్ వల్ల కాంతి చెదిరి, తెరంతా ఒకే మసక. లెన్స్ మామూలుగా ఉంచితే దూరం మసక, రంధ్రం మూసేస్తే అన్నీ మసక. ఈ రెండింటి మధ్య సర్దుబాటు చేసుకుని చాలామంది ఆగిపోతారు.

ఇది కొత్త సమస్య కాదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ రాకముందు, 1960, 70ల్లో విమానం సిమ్యులేటర్లలో పైలట్‌కు కనిపించే నేల నిజానికి గోడకు నిలబెట్టిన పెద్ద మోడల్. దాని మీదుగా ఒక టీవీ కెమెరా, ముందు సన్నటి ఆప్టికల్ ప్రోబ్, కదులుతూ ఉండేవి. రన్‌వే మీదికి దిగేటప్పుడు ప్రోబ్ మోడల్‌కు దాదాపు ఆనుకునేంత దగ్గరికి వచ్చేది. అప్పుడు రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా షార్ప్‌గా ఉంచడానికి వాళ్లు ప్రోబ్‌లో లెన్స్‌ను వంచేవారు. షైమ్‌ఫ్లుగ్ సూత్రం. పాత బెల్లోస్ కెమెరాతో బిల్డింగులు తీసినవాళ్లకు తెలిసే ఉంటుంది.

మామూలుగా లెన్స్, సెన్సార్ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. షార్ప్‌గా ఉండే తలం కెమెరా ముందు గోడలా నిలబడి ఉంటుంది. లెన్స్‌ను కొంచెం కిందికి వంచితే ఆ గోడ నేలకు పడుకుంటుంది. క్యాబ్ వ్యూలో మనకు కావాల్సింది అదే, ఎందుకంటే మనం చూసేదంతా ట్రాక్ అనే ఒకే తలం మీద పరుచుకుని ఉంది. ఎంత వంచాలన్నది తేలిక లెక్క. ఫోకల్ లెంగ్త్‌ను పట్టాల మీద నుంచి లెన్స్ ఎత్తుతో భాగిస్తే ఆ కోణం సైన్ వస్తుంది. 3.6ను 28తో భాగిస్తే 0.129, అంటే 7.4 డిగ్రీలు, సుమారు ఏడున్నర.

వంచడం ఎలా

లెన్స్ హోల్డర్ సెన్సార్ బోర్డు మీద రెండు చిన్న స్క్రూలతో కూర్చుంటుంది. స్క్రూలు వదులు చేసి, హోల్డర్ పై అంచు కింద ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. హోల్డర్ అడుగు 14 మి.మీ., ఏడున్నర డిగ్రీలకు కావాల్సిన మందం 1.8 మి.మీ. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. రెండు ముక్కలు, మధ్యలో డబుల్ టేపు, అంతే. పక్కల మిగిలిన సందుల్లోంచి వెలుతురు లోపలికి పోతుంది కాబట్టి నల్ల టేపుతో చుట్టూ మూయాలి. ఇలా ఎత్తినప్పుడు లెన్స్ సెన్సార్‌కు దూరమవుతుంది, మర మళ్లీ లోపలికి తిప్పాలి. ఎం12 మరలో ఒక చుట్టుకు అర మిల్లీమీటరు, కాబట్టి రెండు చుట్లకు కాస్త తక్కువ పడుతుంది. లెన్స్ మీద కంపెనీ వాళ్లు వేసిన గమ్ ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, గుడ్డ చుట్టి, పట్టకారుతో మెల్లగా తిప్పితే వదులుతుంది.

లెన్స్ కొనేటప్పుడు సెన్సార్ కన్నా ఒక సైజు పెద్ద సెన్సార్‌కు చేసింది తీసుకోవాలి. వంచినప్పుడు బొమ్మ ఒక పక్కకు జరుగుతుంది. సరిగ్గా సరిపోయే లెన్స్ అయితే మూలలు నల్లబడతాయి.

ఫోకస్ పెట్టడానికి టెస్ట్ చార్టులేమీ వాడలేదు. పట్టాల మీద న్యూస్‌పేపరు పరిచాను, కెమెరా ముందు ఏడు సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. సన్న అక్షరాలున్న పెళ్లి సంబంధాల పేజీ దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది (మా వృత్తికి ఆ పేజీతో వేరే అనుబంధం కూడా ఉందనుకోండి). కెమెరాను మానిటర్‌కు కలిపి, ముందు లెన్స్ మర తిప్పుతూ దూరపు అక్షరాల అంచులు పదునెక్కేదాకా చూడాలి. తర్వాత ప్లాస్టిక్ ముక్కను కాస్త లోపలికి, బయటికి జరుపుతూ దగ్గరి అక్షరాలు చూడాలి. ఒకటి సరిచేస్తే రెండోది కదులుతుంది. మళ్లీ మొదటికి రావాలి. కొంతసేపటికి ఒక క్షణంలో పేజీ మొత్తం, దగ్గరా దూరం, ఒక్కసారిగా లేచి నిలబడినట్టు షార్ప్ అవుతుంది. అక్కడ ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి మరను ఆపేయాలి.

దీని ఖరీదు కూడా చెప్పాలి. పడుకున్న తలానికి పైన ఉన్నవి, దగ్గరికొచ్చినప్పుడు, మసకబారతాయి. ఓహెచ్‌ఈ (రైలుకు కరెంటిచ్చే పై తీగ) స్తంభం పక్కనుంచి దాటేటప్పుడు దాని పైభాగం మసక. కానీ అప్పటికి అది ఫ్రేము అంచున వేగంగా జారిపోతుంటుంది. అసలు వీడియోలో కూడా అక్కడ కదలిక మసకే ఉంటుంది. దూరంగా ఉన్నప్పుడు స్తంభం నిలువునా షార్ప్. అందుకే ఈ బేరం నాకు నచ్చింది. పక్క కిటికీలోంచి చూసే వ్యూకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ ఎదురుగా ఉన్నది నేల కాదు, కొండ.

కెమెరా బండి

కెమెరా తల ముందు వ్యాగన్ మీద, రికార్డు బోర్డు, బ్యాటరీ రెండో వ్యాగన్ మీద, వెనక ఇంజను తోసుకొస్తుంది. వైఫైలో లైవ్ పంపే కెమెరాలు ఈ లేఅవుట్‌లో పనికిరావు. కొండలన్నీ కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీ మీద ప్లాస్టర్ వేసి కట్టినవి. సొరంగంలోకి వెళ్లగానే సిగ్నల్ పోతుంది. మెమరీ కార్డులోకి రికార్డు చేసుకోవడమే మేలు.

ముందు వ్యాగన్ పొడవు దగ్గర ఒక మెలిక ఉంది. వంపులో వ్యాగన్ ఒంపు తిరగదు, తిన్నగానే ఉంటుంది. దాని ముక్కు వంపు బయటికి చూస్తుంది. లేఅవుట్‌లో వంపుల వ్యాసార్ధం 610 మి.మీ. ముందు, వెనక చక్రాల సెట్ల మధ్య 110 మి.మీ. ఉన్న వ్యాగనైతే కెమెరా ట్రాక్ నుంచి ఐదు డిగ్రీలకు పైగా పక్కకు చూస్తుంది. పట్టాలు ఫ్రేము మూలకు పారిపోతాయి. కెమెరాను నేరుగా చక్రాల సెట్టుకే బిగిస్తే పట్టాలను చక్కగా అనుసరిస్తుంది గానీ ప్రతి అతుకు దగ్గరా తల విదిలిస్తుంది. చక్రాల సెట్ల మధ్య 70 మి.మీ. ఉండేలా పొట్టి వ్యాగన్ ఒకటి డాక్టరు గారు ప్లాస్టిక్ షీటుతో కట్టారు. కోణం మూడు డిగ్రీల చిల్లరకు దిగింది.

అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓ పెట్టెలకు ఒక బరువు సూచిస్తుంది: ఒక ఔన్సు, దానిపైన ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. నాలుగంగుళాల మా వ్యాగన్‌కు మూడు ఔన్సులు, అంటే 85 గ్రాములు. ముందు నడిచే బండి కాబట్టి మేం 120 దాకా వేశాం, అంతా అడుగున. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలకు కట్టే సీసం దొరుకుతుంది. కెమెరా కింద స్పాంజి పెట్టమని చాలామంది చెబుతారు. పెట్టకండి. స్పాంజి కుదుపును మింగదు, ఊగులాటగా మారుస్తుంది. గట్టిగా బిగించి బరువు వేయడమే మందు.

బాబాయ్ చూసిన మొదటి కట్

మొదటి కట్ బాబాయ్‌కి చూపించాం. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశారు.

"ట్రాక్ బానే ఉంది నాన్నా. బండికే బరువు లేదు."

"స్పీడు ఎక్కువైందా బాబాయ్?"

"స్పీడు కాదురా, బయల్దేరిన తీరు. వెనకాల నాలుగైదు వేల టన్నులు వేలాడుతుంటే ఇంజను అలా లేచిపోదు. కప్లింగులు ఒక్కోటీ బిగుసుకుంటూ రావాలి. ఆగేటప్పుడూ అంతే. నువ్వు స్కూటర్ ఆపినట్టు ఆపావు."

"మరి డాక్టరు గారికి ఏం చెప్పమంటారు?"

"ఆయనకి చెప్పడానికేముంది, సిగ్నళ్లు కుడిపక్క పెట్టారు. మన వైపు సిగ్నల్ ఎడమన ఉంటుందండీ డాక్టరు గారూ."

డాక్టరు గారు నవ్వి అప్పటికప్పుడే సిగ్నల్ పీకారు. అసలు ఎడమ పక్కే పెట్టారట, మేం తీసింది చుట్టుకు వ్యతిరేక దిశలో.

బరువు సంగతి రెండు చోట్ల సరిచేశాం. లేఅవుట్ డీసీసీ (పట్టాల్లోంచే ఇంజనుకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీద నడుస్తుంది, ఇంజన్‌లో ఆ ఆదేశాలు అందుకునే డీకోడర్ ఉంది. దాని సెట్టింగుల్లో సీవీ3 వేగం అందుకునే తీరు, సీవీ4 తగ్గే తీరు. రెండూ బాగా పెంచాం. ఇప్పుడు కంట్రోలర్‌లో నాబ్ తిప్పాక ఇంజను కాసేపు ఆలోచించుకుని కదులుతుంది. స్టేషన్‌లో స్టార్టర్ సిగ్నల్ ముందు ఆపాలంటే డాక్టరు గారు ఒక మీటరు ముందే వేగం తగ్గించాలి. కొన్నిసార్లు సిగ్నల్ దాటిపోయేవారు. "ఎస్పాడ్ అయింది, మెమో ఇస్తారు" అని బాబాయ్ పక్కనుంచి. ఎర్ర సిగ్నల్ దాటిపోవడాన్ని రైల్వేలో అలా అంటారు.

రెండోది వేగం. ఘాట్‌లో గంటకు 40 కి.మీ. అనుకుంటే స్కేలుకు సెకనుకు 12.8 సెం.మీ. అంత నెమ్మదిగా నడిపితే హెచ్‌ఓ ఇంజను మోటారు తడబడుతుంది. అందుకని రెట్టింపు వేగంతో, 25 సెం.మీ. దగ్గర నడిపి, సెకనుకు 60 ఫ్రేముల్లో తీసి, 30లో ఆడించాం. వేగం సరిపోయింది. ఊగిసలాట కూడా సగం నెమ్మదించింది. బరువుగా అనిపించేది ఇదే. సినిమాల్లో మినియేచర్లు తీసేవాళ్లు స్కేలు వర్గమూలాన్ని బట్టి ఫ్రేములు పెంచుతారు. 87కు వర్గమూలం 9.3. నీళ్లు పారడం, గోడ కూలడం లాంటివి తీస్తే అంత కావాలి. రైలు ఊగడానికి రెట్టింపు చాలనిపించింది.

ఇంకో చిన్న లాభం. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షటర్ సెకనులో వందో వంతుకు లాక్ చేస్తే మిణుకు కనపడదు. సగం వేగంతో ఆడించినప్పుడు ఆ షటర్ యాభయ్యో వంతు లాగా కనిపిస్తుంది. 30 ఫ్రేముల వీడియోకు కదలిక మసక దాదాపు అంతే కావాలి. డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీ స్ట్రిప్పులు మాత్రం తీసేయాలి. వాటి మిణుకు వేరే లెక్క, తెర మీద చారలు పడతాయి.

బాబాయ్ లెవల్ క్రాసింగ్ ముందు విజిల్ బోర్డు, అదే పసుపు మీద డబ్ల్యూ/ఎల్ అని ఉండేది, కావాలన్నారు. గేటుకు 600 మీటర్ల ముందు ఉండాలది. హెచ్‌ఓలో 6.9 మీటర్లు, లేఅవుట్ మొత్తం 11. సొరంగం బయట ఒక మీటరు దగ్గర పెట్టి, ఆయన్ని ఒప్పించాం.

వెలుతురు, ఆకాశం, సొరంగం

వెలుతురు గురించి తక్కువే చెప్తాను, ఫొటోలు తీసేవాళ్లందరికీ తెలిసిందే. సూర్యుడు ఒక్కడే కాబట్టి బలమైన లైటు ఒక్కటే, వీలైనంత దూరంగా. దగ్గర పెడితే బండి కదిలే కొద్దీ నీడల దిశ మారిపోతుంది. మిగతా లైట్లన్నీ సీలింగ్‌కు కొట్టి పరచాలి.

ఆకాశం మీద ఎక్కువ టైం పట్టింది. లేఅవుట్ వెనక బోర్డు మీద కొండల పెయింటింగ్ నిలబడి చూసే మనిషి కంటికి గీసింది. కెమెరా చూసేది పట్టాల మీద 28 మి.మీ. నుంచి. ఆ ఎత్తులో దిగంతం ఉండాలి, దానిపైకి కొండలు లేవాలి. పాత పెయింటింగ్‌లో దిగంతం ఎక్కడో జానెడు పైన ఉంది. బండి బావిలోంచి పోతున్నట్టుంది. కింది భాగం మళ్లీ వేయించాం, దూరపు కొండలు పల్చటి నీలి బూడిద రంగులో. ఘాట్‌లో ఉదయం పూట గాలిలో ఉండే ఆవిరి మబ్బు గదిలో రాదు కదా, రంగులోనే తేవాలి. బోర్డు ఎత్తుకు కూడా లెక్కుంది. మా లెన్స్ నిలువున 41 డిగ్రీలు చూస్తుంది. మీటరు దూరంలో ఉన్న బోర్డు కెమెరా పైన 38 సెం.మీ. అయినా లేవాలి, లేకపోతే ఫ్యానూ గోడ గడియారం కనిపిస్తాయి.

ఓహెచ్‌ఈ తీగ లేకుండా స్తంభాలు మాత్రమే ఉంటే కంటికి వెలితిగా ఉంటుంది. అసలు కాంటాక్ట్ వైరు మందం సుమారు 12 మి.మీ., స్కేలుకు 0.14. అంత సన్నటి గాలపు నైలాన్ తీగ సీసం కొన్న షాపులోనే దొరికింది. మెరవకుండా నల్ల మార్కర్‌తో తుడిచాం. బండి పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే చేయి) దాన్ని తాకదు, ఊరికే అలంకారం. ఈ ఎత్తులో ఒక తల వెంట్రుక పట్టాల మీద పడితే తెర మీద కేబుల్ వైరులా కనిపిస్తుంది. ప్రతి టేకుకు ముందు మేకప్ బ్రష్‌తో ట్రాక్ ఊడ్చి, పట్టాల పైభాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం తప్పలేదు.

సొరంగం దగ్గర కెమెరాను ఆటోలో ఉంచితే లోపలికి వెళ్లగానే అది కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది: ప్లైవుడ్, వైర్లు, ప్లాస్టర్ చుక్కలు అన్నీ బయటపడతాయి. ఎక్స్‌పోజర్ లాక్ చేస్తే లోపల చీకటి చీకటిగానే ఉంటుంది. సొరంగం నోటి నుంచి అర మీటరు లోపలిదాకా నల్ల కార్డ్‌బోర్డుతో గోడలు కట్టి, వ్యాగన్ ముందు ఒక చిన్న వార్మ్ ఎల్‌ఈడీ హెడ్‌లైట్‌గా పెట్టాం. బయటికొచ్చే నోరు తెల్లగా కాలిపోయినట్టు కనిపించడం తప్పు కాదు, అసలు వీడియోల్లో అలాగే ఉంటుంది. నోటి చుట్టూ రాతి మీద నల్లటి తడి చారలు బాబాయ్ అడిగి పెట్టించినవి. కొండ నీళ్లు ఊరే చోట అలాగే ఉంటుందట. నల్ల ఇంకును పల్చగా కలిపి పైనుంచి కారనిస్తే వచ్చేసింది.

ఎడిటింగ్

11 మీటర్ల చుట్టు, సెకనుకు 12.8 సెం.మీ. లెక్కన, ఒకటిన్నర నిమిషం కూడా రాదు. రెండో దిశలో కూడా తీశాం. కొండ, వంతెన, స్టేషను అన్నీ అవతలి వైపు నుంచి కొత్త ఊళ్లలా కనిపించాయి. సిగ్నళ్లు, విజిల్ బోర్డు మాత్రం ఎడమకు మార్చాలి. అతుకులన్నీ సొరంగం చీకట్లో. ఒక సొరంగంలోకి వెళ్లి ఇంకో దిశ షాట్‌లో బయటికొస్తే ఎవరికీ తెలియదు. మొత్తం మూడు నిమిషాల లోపే. అంతకన్నా సాగదీస్తే చూసేవాళ్లు చెట్లను గుర్తుపట్టడం మొదలుపెడతారు.

సాఫ్ట్‌వేర్ స్టెబిలైజర్ వాడలేదు. దగ్గరి కంకర, దూరపు కొండ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి అది ఫ్రేమును రబ్బరులా సాగదీస్తుంది. క్యాబ్ అద్దం, వైపర్ బొమ్మ పైన అతికించమని ఎవరో సలహా ఇచ్చారు. అది వద్దన్నాను. కింద ఉన్నది నమ్మించకపోతే పైన అద్దం పెట్టి లాభం లేదు.

శబ్దం మొత్తం విడిగా. మోడల్ గొంతు ప్లైవుడ్ మీద గీరిన చప్పుడే, దాన్ని తీసేశాం. మన పాత పట్టాలు 13 మీటర్ల ముక్కలు. 40 కి.మీ. వేగంలో అతుకు అతుకుకూ సెకను పైన కాస్త. ఇప్పుడు మెయిన్ లైన్లలో పట్టాలు పొడవునా వెల్డు చేసి ఉంటాయి కాబట్టి ఆ టకటక దారి పొడవునా పెట్టడం తప్పు. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట, మాత్రమే ఉంచాం. సొరంగంలోకి వెళ్లగానే మోటారు హోరు పెంచి, కాస్త ప్రతిధ్వని కలిపాం. వంతెన మీద బోలు శబ్దం. హారన్ ఒక్కసారే, బోర్డు దగ్గర.

ఒకటి మాత్రం ఇంకా సరిపడలేదు. స్టేషన్ పాయింట్ల మీద, పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, చక్రం సందులోకి ఒక్క క్షణం దిగి లేస్తుంది. 120 గ్రాములు వేసినా తెర కిందికి కొట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఆ షాట్‌ను వీడియోలోంచి తీసేసి మెయిన్ లైనులోనే ఆపాం. ఇప్పుడు డాక్టరు గారు ఆ సందు అడుగున సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటించి, చక్రం అంచు దాని మీదే దొర్లేలా చేస్తున్నారు. పట్టీ మందం పావు మిల్లీమీటరు ఎక్కువైతే చక్రం పైకెక్కి పట్టాలు తప్పుతుంది, తక్కువైతే కుదుపు అలాగే ఉంటుంది. అది కుదిరాక లూప్ లైనులోకి, అంటే స్టేషన్‌లో పక్క లైనులోకి, వెళ్లి గూడ్సుకు దారివ్వడం తీస్తాం. ఆ క్రాసింగ్ ఎంతసేపు పట్టాలో బాబాయ్ ఇప్పటికే చెప్పేశారు.